నిజాం పల్టన్‌లో పనిచేసిన ఆఫీసరు సర్వీసు రికార్డు వెతకడం ఎలా

దేవరకొండ, అచ్చంపేట, మిర్యాలగూడ వైపు చాలా ఊళ్లలో ఒక కప్తాన్ సాబ్ ఇల్లు ఉంటుంది. ఇల్లు కూలిపోయినా ఆ జాగాకు ఆ పేరే ఉంటుంది. ఆయన ఏ యుద్ధానికి పోయాడు, ఏ పల్టన్ (బెటాలియన్), ఎన్నేళ్లు నౌకరీ చేశాడు అని అడిగితే మాత్రం సొంత మనవళ్లు కూడా "బర్మాకు పోయిండట" అని ఊరుకుంటారు.

నేను దేవరకొండలో దస్తావేజులు రాసి బతికినవాణ్ని. మా అమ్మమ్మ తమ్ముడు, నాకు తాత వరస, నిజాం ఫౌజులో ఆఫీసరుగా మలయా (ఇప్పటి మలేషియా) పోయి వచ్చాడు. ఆయన సర్వీసు వివరాలు కూడబెట్టడానికి నేను పట్టుకున్న దారి, ఆ దారిలో పనికొచ్చిన కాగితాలు ఇక్కడ రాస్తున్నాను. నల్గొండ, పాలమూరు జిల్లాల వాళ్లు ముందు మన ఊరి కాగితాలతోనే మొదలుపెట్టాలన్నది నా గట్టి అభిప్రాయం. ఢిల్లీ, లండన్ ఆ తర్వాత.

ముందు ఏ ఫౌజో తేల్చుకోండి

ఇది తేలకుండా ఒక్క అర్జీ కూడా పెట్టొద్దు. "హైదరాబాద్" అనే పేరుతో రెండు వేర్వేరు ఫౌజులు ఉండేవి. ఒకటి నిజాం సొంత సైన్యం. హైదరాబాద్ ఇన్ఫంట్రీ బెటాలియన్లు, హైదరాబాద్ లాన్సర్లు అందులోవి. జీతం, కమిషన్ (ఆఫీసరు హోదా ఇచ్చే ఉత్తర్వు) నిజాం సర్కారువే. యుద్ధం వచ్చినప్పుడు ఇండియన్ స్టేట్ ఫోర్సెస్ అనే లెక్కలో వీళ్లను బ్రిటిష్ వాళ్ల కమాండ్ కిందికి పంపేవాళ్లు. రెండోది 19వ హైదరాబాద్ రెజిమెంట్. పేరు మనదే గానీ అది బ్రిటిష్ ఇండియన్ ఆర్మీది. అందులో కుమావూనీలు, జాట్లు, అహీర్లు ఎక్కువ. 1945 అక్టోబర్ 27న దాని పేరు కుమావూన్ రెజిమెంట్‌గా మారింది, కేంద్రం ఉత్తరాఖండ్‌లోని రాణీఖేత్‌లో ఉంది. తర్వాతి కాలంలో ఆర్మీ చీఫ్ అయిన తిమ్మయ్య బర్మాలో నడిపించిన 8వ బెటాలియన్ ఈ రెజిమెంటుదే.

1941 డిసెంబర్‌లో మలయాలో ఈ రెండు ఫౌజులూ ఉన్నాయి, అసలు గడబిడ అక్కడ వస్తుంది. నిజాం వారి 1వ హైదరాబాద్ ఇన్ఫంట్రీ మలయా ఈశాన్య తీరంలోని కోట బారు అనే ఊరి విమానాశ్రయం కాపలాలో ఉంది. 19వ హైదరాబాద్ రెజిమెంటు 4వ బెటాలియన్ 12వ ఇండియన్ బ్రిగేడ్‌లో ఉంది. ఇంట్లోవాళ్లు "హైదరాబాద్ రెజిమెంట్, మలయా" అన్నారని రాణీఖేత్‌కు ఉత్తరం రాస్తే, మనిషి నిజాం ఫౌజువాడైతే "మా రికార్డులో లేడు" అని జవాబు వస్తుంది. అది నిజమే. వాళ్ల దగ్గర ఉండడు.

ఇవి రెండూ కాకుండా బెంగళూరులోని మద్రాస్ సాపర్స్‌లో, మద్రాస్ రెజిమెంట్‌లో, మెడికల్ కోర్‌లో, ఆర్డినెన్స్‌లో చేరిన తెలుగువాళ్లు ఉన్నారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి మనిషైతే హైదరాబాద్ లాన్సర్లలో ఈజిప్టు, పాలస్తీనా పోయి ఉండొచ్చు. ఢిల్లీ తీన్‌మూర్తి దగ్గర నిలబడ్డ మూడు విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్ లాన్సర్ల గుర్తుగా పెట్టినదే, మిగిలిన రెండు జోధ్‌పూర్, మైసూర్ వాళ్లవి.

ర్యాంకు విషయంలో ఇంటి మాట మీద ఆధారపడొద్దు. మన ఊళ్లలో జమేదారుగా దిగినా కప్తానే, సుబేదారుగా దిగినా కప్తానే. పాత ఫొటోలో భుజం మీద నక్షత్రాలు చూసి లెక్కపెట్టడం కూడా చాలదు. వైస్రాయ్ కమిషన్ ఉన్న జమేదారు, సుబేదారులు కూడా నక్షత్రాలు పెట్టుకునేవాళ్లు. మా తాత ఊరందరికీ కప్తాన్ సాబ్. కాగితాల్లో లెఫ్టినెంట్ అని ఉంది. దాంతో ఆయన విలువేమీ తగ్గలేదు. సరైన ర్యాంకు తెలిస్తేనే సరైన జాబితా తెరుస్తాం.

ఇంట్లో ఏం చూడాలి

ఇనప ట్రంకు ఉంటే మూత పైన, లోపల, పక్కలకు వెలుతురు ఏటవాలుగా పడేలా పట్టి చూడండి. సైన్యం ట్రంకుల మీద తెల్ల రంగుతో నంబరు, పేరు, యూనిట్ రాసి ఉండేవి. తర్వాత ఇంటివాళ్లు నల్ల రంగో ఆకుపచ్చ రంగో పూసినా కింది అక్షరాల అంచులు కొంచెం ఉబ్బెత్తుగా తెలుస్తాయి. రంగు గీకొద్దు. సెల్‌ఫోన్ టార్చి పక్క నుంచి కొట్టి ఫొటో తీయండి. నంబరు ముందున్న అక్షరాలు ముఖ్యం: బ్రిటిష్ ఇండియన్ ఆర్మీలో రెగ్యులర్ భారతీయ ఆఫీసరుకు ఐసీ, యుద్ధకాలంలో ఎమర్జెన్సీ కమిషన్ తీసుకున్నవాళ్లకు ఐఈసీ అని ఉంటుంది.

మెడల్స్ చాలా ఇళ్లలో పోయాయి. పిల్లలు ఆడుకొని పారేసినవి కొన్ని, పాత సామాన్లవాడికి వేసినవి కొన్ని. రిబ్బన్ ముక్క మిగిలినా చాలు. రెండో ప్రపంచ యుద్ధంలో ఏ ప్రాంతంలో పోరాడితే ఆ ప్రాంతపు స్టార్ ఇచ్చారు, ఒక్కోదానికి రిబ్బన్ రంగులు వేరు. బర్మా స్టార్‌ది ముదురు నీలం, నడుమ ఎర్ర పట్టీ, రెండు వైపులా నారింజ పట్టీలు. పసిఫిక్ స్టార్‌ది ముదురు ఆకుపచ్చ, అంచులు ఎరుపు, నడుమ పసుపు పట్టీ, దాని పక్కన సన్నటి నీలి గీతలు. 1941 డిసెంబర్ 8 నుంచి 1942 ఫిబ్రవరి 15 దాకా మలయాలో ఉన్న సైనికులకు పసిఫిక్ స్టార్ వర్తించింది. మా అమ్మమ్మ పెట్టెలో పట్టుగుడ్డ మడతలో దొరికింది ఈ ఆకుపచ్చ రిబ్బనే. "బర్మాకు పోయిండట" అనే మాట అక్కడితో పక్కకు పోయింది.

రిజిస్ట్రేషన్ ఆఫీసు, తహసీలు

సైన్యం రికార్డు వెతికేవాళ్లు ఇక్కడికి రారు. నా వృత్తి ఇదే కాబట్టి చెబుతున్నాను, ముందు ఇక్కడికే రావాలి. పాత దస్తావేజులో ప్రతి పార్టీకి తండ్రి పేరు, వయసు, వృత్తి, నివాసం రాస్తారు. వృత్తి దగ్గర "ములాజిమ్-ఎ-ఫౌజ్" (ఫౌజు ఉద్యోగి) అనో "మిలిటరీ పెన్షనర్" అనో ఉంటే ఆ తేదీన ఆయన సర్వీసులో ఉన్నాడా, దిగిపోయాడా అన్నది తేలినట్టే.

ఇంకా గొప్ప కాగితం ముఖ్తార్‌నామా. దూరదేశం పోయే మనిషి తన వాటా భూమి వ్యవహారాలు చూసుకోమని అన్నకో బావకో అధికారం రాసిచ్చేవాడు. మా తాత 1350 ఫసలీలో (ఇది నిజాం సర్కారు సంవత్సరాల లెక్క, కింద చెబుతాను) తన అన్నకు రాసిచ్చిన ముఖ్తార్‌నామా నకలు నాకు దొరికింది. ఉర్దూలో ఉన్న ఒక పేజీ అది. పేరు, వల్దియత్ (తండ్రి పేరు) అయ్యాక ఆయన ఓహ్దా (హోదా), ఆ వెంటనే "అవ్వల్ హైదరాబాద్ ఇన్ఫంట్రీ", అంటే 1వ హైదరాబాద్ ఇన్ఫంట్రీ. కింద సాక్షుల్లో ఒకరు అదే పల్టన్ ఆఫీసరు, పక్కన దస్తఖతు. ఏ ఫౌజు అనే ప్రశ్నకు ఇంతకన్నా గట్టి సాక్ష్యం అక్కర్లేదు. ఆయన సంతకం మీద నేను వేలు పెట్టి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

వెతికే పద్ధతి ఇది. స్థిరాస్తి దస్తావేజులు ఒకటో బుక్కులో ఉంటాయి, ఎవరైనా ఫీజు కట్టి చూడొచ్చు. ముఖ్తార్‌నామా వంటివి నాలుగో బుక్కులోకి వెళ్తాయి. వాటి నకలు రాసిచ్చినవాళ్లకు, వాళ్ల ద్వారా హక్కున్నవాళ్లకు మాత్రమే ఇస్తారు. అందుకని వారసత్వం చూపే కాగితం వెంట తీసుకుపోవాలి. ముందు భూమి సర్వే నంబరు పట్టుకోండి. 1954-55 ఖాస్రా పహాణీలో (ఊరి భూముల రికార్డులో) పట్టాదారు పేరు చూసి, ఆ నంబరు మీద వెనక్కి పోతే అమ్మకాలు, పంపకాలు తగులుతాయి.

మాజీ సైనికుల కింద సర్కారు భూమి అసైన్ అయి ఉంటే తహసీల్ ఆఫీసులో ఆ మిసల్ (ఫైలు) అడగండి. అర్జీతో పాటు డిశ్చార్జి సర్టిఫికెట్ నకలు జతచేసేవాళ్లు. ఇంట్లో ఒరిజినల్ చెదలు తిన్నా ఆ నకలు మిసల్‌లో బతికి ఉండే అవకాశం ఉంది. జిల్లాలోని సైనిక సంక్షేమ కార్యాలయంలో మాజీ సైనికుల నమోదు రిజిస్టర్లు ఉంటాయి, అక్కడ కూడా తండ్రి పేరుతో సహా అడగండి.

ఫసలీ లెక్క

ఇక్కడ చాలామంది తప్పుతారు, కొంచెం నిదానంగా చదవండి. హైదరాబాద్ సంస్థానంలో ఫసలీ సంవత్సరం ఆజూర్ నెలతో, అంటే అక్టోబర్ మొదటి వారంలో మొదలయ్యేది. అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు ఫసలీకి 590 కలపాలి. జనవరి నుంచి మళ్లీ అక్టోబర్ వచ్చేదాకా 591 కలపాలి. 1351 ఫసలీ అంటే 1941 అక్టోబర్ నుంచి 1942 అక్టోబర్ దాకా. మీ లెక్క సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి ఒక గుర్తు: జాగీర్ల రద్దు చట్టం 1358 ఫసలీది, అది వచ్చింది 1949 ఆగస్టులో.

నెలల పేర్లు వరుసగా ఆజూర్, దై, బహమన్, ఇస్ఫందార్, ఫర్వర్దీ, ఉర్దీబెహిష్త్, ఖుర్దాద్, తీర్, అమర్దాద్, షహ్రేవర్, మెహర్, ఆబాన్. నెల పేరు చదవగలిగితే 590 కలపాలో 591 కలపాలో తెలుస్తుంది. ఒకే కాగితం మీద హిజ్రీ తేదీ కూడా ఉంటుంది. 1941 డిసెంబర్‌కు ఫసలీ 1351 అయితే హిజ్రీ 1360. ఈ రెండూ దగ్గర దగ్గర అంకెలు కావడంతో తొమ్మిదేళ్ల తేడా ఇట్టే వచ్చేస్తుంది. తేదీ చివర ఉన్న ఉర్దూ అక్షరం ఫే అయితే ఫసలీ, హే అయితే హిజ్రీ.

ఉర్దూ చదవడం రాకపోతే రాతకోతలు తెలిసిన పెద్దమనిషిని పట్టుకోండి. దేవరకొండలో, నల్గొండలో ఇంకా ఉన్నారు. వాళ్లున్నప్పుడే ఈ పని చేయించుకోవాలి. షికస్తా (ఉర్దూ గొలుసుకట్టు) రాత చదివే కళ్లు రోజురోజుకూ తగ్గిపోతున్నాయి.

తార్నాక, ఢిల్లీ

నిజాం సర్కారు పాత దఫ్తర్లు హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. గుర్తింపు కార్డు, ఏం వెతుకుతున్నామో వివరంగా రాసిన అర్జీ తీసుకుపోండి. అర్జీలో "మా తాత రికార్డు కావాలి" అని రాస్తే పని జరగదు. ఫలానా బెటాలియన్, ఫలానా ఫసలీ సంవత్సరాలు, ఫౌజు శాఖ కాగితాలు అని రాయాలి. నిజాం సర్కారు గెజిటును జరీదా అనేవాళ్లు. నియామకాలు, పదోన్నతులు, బదిలీలు అందులో అచ్చయ్యేవి. స్టేట్ ఫోర్సెస్ ఆఫీసరుకు కమిషన్ ఇచ్చేది నిజాం కాబట్టి ఆయన పేరును లండన్ గెజిట్ నియామకాల్లో వెతికి నిరాశపడొద్దు, జరీదాలో వెతకండి. బ్రిటిష్ వాళ్లు పతకం ఇచ్చి ఉంటే అది మాత్రం లండన్ గెజిట్‌లో ఉంటుంది.

ఢిల్లీలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో హైదరాబాద్ రెసిడెన్సీ (నిజాం దగ్గరున్న బ్రిటిష్ ప్రతినిధి కార్యాలయం) ఫైళ్లు, ఇండియన్ స్టేట్ ఫోర్సెస్ వ్యవహారాల ఫైళ్లు ఉన్నాయి. అభిలేఖ్ పటల్ అనే వాళ్ల వెబ్‌సైట్‌లో ఇంటి నుంచే వెతకొచ్చు. మనిషి పేరుతో మొదలుపెట్టకండి, యూనిట్ పేరుతో మొదలుపెట్టండి. మన పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది. ఫౌజు గుమాస్తాలు కొన్నిసార్లు దాన్ని వదిలేశారు, కొన్నిసార్లు తండ్రి పేరును ఇంటిపేరు చేశారు. ఒకే మనిషిని మూడు నాలుగు రకాలుగా రాసి వెతకాలి.

లండన్ కాగితాలు ఇక్కడి నుంచే

మలయా యుద్ధానికి సులువుగా దొరికే మొదటి ఆధారం అక్కడి బ్రిటిష్ సేనల అధిపతి జనరల్ పెర్సివల్ నివేదిక. 1948 ఫిబ్రవరిలో లండన్ గెజిట్ అనుబంధంగా అచ్చయింది, వెబ్‌సైట్‌లో ఉచితంగా చదవొచ్చు. ఏ యూనిట్ ఏ రోజు ఎక్కడుందో అందులో తెలుస్తుంది. 1941 డిసెంబర్ 7 అర్ధరాత్రి దాటి 8వ తేదీ వచ్చాక జపాన్ సైన్యం కోట బారు తీరంలో దిగింది. పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడటానికి గంటకు పైగా ముందే ఇది జరిగింది. ఆ సాయంత్రానికి విమానాశ్రయం చేజారిపోయింది. 1వ హైదరాబాద్ కమాండింగ్ ఆఫీసరు లెఫ్టినెంట్ కల్నల్ హెండ్రిక్స్ ఆ గందరగోళంలోనే చనిపోయాడు. బ్రిటిష్ రచనల్లో ఈ బెటాలియన్ గురించి మంచి మాటలు తక్కువ. అవి చదివినప్పుడు మనసు కష్టపడుతుంది. చదవకుండా వదలొద్దు. కానీ ఒక బెటాలియన్ గురించి రాసిన వాక్యాన్ని ఒక మనిషి మీద తీర్పుగా తీసుకోవద్దు. ఆ రాత్రి ఆయన ఏ కంపెనీలో, ఏ చోట ఉన్నాడో తెలియనిదే ఎవరూ ఏమీ అనలేరు.

యూనిట్ల రోజువారీ డైరీలు బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో, క్యూ అనే చోట ఉన్నాయి. బర్మా, మలయా వైపు దళాలవి డబ్ల్యూఓ 172 వరుసలో, వైద్య విభాగాలవి డబ్ల్యూఓ 177లో, పతకాల సిఫార్సులు డబ్ల్యూఓ 373లో వెతకండి. బ్రిటిష్ ఇండియన్ ఆర్మీ ఆఫీసర్ల వ్యక్తిగత ఫైళ్లు బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఉన్నాయి. నిజాం ఫౌజు ఆఫీసరు కోసం అక్కడ డబ్బు పోయొద్దు.

కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్ మాత్రం తప్పకుండా చూడండి. మీ మనిషి క్షేమంగా తిరిగొచ్చినా సరే. ఆయనతో పాటు పనిచేసి చనిపోయినవాళ్ల తేదీలు, చోట్లు చూస్తే పల్టన్ నడిచిన దారి తెలుస్తుంది. సింగపూర్ క్రాంజీలోని స్మారకం మీద 24,000 మందికి పైగా పేర్లున్నాయి. అదనపు సమాచారం అనే గడిలో తండ్రి పేరు, ఊరు, జిల్లా ఇచ్చినవి చాలా ఉన్నాయి. అక్కడ నల్గొండ, మహబూబ్‌నగర్ అని రకరకాల స్పెల్లింగులతో కొట్టి చూడండి. మీకు సంబంధం లేని మరో ఊరి పిల్లవాడి పేరు తగిలితే ఆ ఊరి సర్పంచ్‌కో స్కూలు హెడ్మాస్టర్‌కో ఒక ఫోన్ చేయండి. వాళ్లింట్లో ఇప్పటికీ తెలియకపోవచ్చు.

1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది. రెండు రోజులకు ఫారర్ పార్కులో వేలమంది భారతీయ సైనికులను జపాన్‌కు అప్పగించారు. అక్కడి నుంచి కొందరు ఆజాద్ హింద్ ఫౌజులో చేరారు, కొందరు బందీలుగా ఉండిపోయారు. ఇంట్లో "బోస్‌తో ఉన్నడు" అనే మాట ఉంటే నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆజాద్ హింద్ ఫౌజు ఫైళ్లు వేరుగా ఉన్నాయి, అక్కడ కాగితం దొరికాకే రాసుకోండి.

1947 తర్వాతి యుద్ధాల ఆఫీసరైతే

ఇది కొంచెం సులువు. 1965 నాటి రక్షా మెడల్, 1971 నాటి సంగ్రామ్ మెడల్ వంటి గుండ్రటి పతకాల అంచు చుట్టూ నంబరు, ర్యాంకు, పేరు కొట్టి ఉంటాయి. భూతద్దంతో చదవండి. కమిషన్, పదోన్నతులు గెజిట్ ఆఫ్ ఇండియా మొదటి భాగం నాలుగో సెక్షన్‌లో వస్తాయి. సిపాయిలు, జేసీఓల (సుబేదారు స్థాయి వాళ్ల) కాగితాలు ఆయా రెజిమెంటు రికార్డ్ ఆఫీసులో ఉంటాయి, ఆఫీసర్లవి ఢిల్లీలో సైనిక ప్రధాన కార్యాలయం కింద ఉంటాయి. ఆఫీసరు కోసం రెజిమెంటుకు రాసి నెలలు పోగొట్టుకోవద్దు. సమాచార హక్కు అర్జీకి ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. వ్యక్తిగత సమాచారం అని తిప్పికొడితే సెక్షన్ 8(3) చూపించి అప్పీలు చేయండి. 20 ఏళ్లు దాటిన సంగతులకు ఆ మినహాయింపు అడ్డు రాదు. అర్జీతో మరణ ధ్రువపత్రం, వారసత్వ కాగితం జతచేస్తే పని తొందరగా కదులుతుంది.

1948 గురించి అడగడం

నిజాం ఫౌజు ఆఫీసర్లను మనవాళ్లు మరచిపోవడానికి అసలు కారణం ఇక్కడుంది. రైతాంగ పోరాటం నడిచిన నేల మనది. నిజాం యూనిఫాం అంటే ఊళ్లమీద పడ్డవాళ్ల గుర్తు. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం కదిలింది, విజయవాడ వైపు నుంచి కోదాడ, సూర్యాపేట మీదుగా వచ్చింది. అయిదు రోజుల్లో నిజాం ఫౌజు లొంగిపోయింది. తర్వాత దాన్ని రద్దు చేశారు. పల్టనే లేకుండా పోయాక దాని చరిత్ర రాసేవాళ్లు, వార్షికోత్సవాలు జరిపేవాళ్లు ఎవరుంటారు? ఇంటివాళ్లు ఫొటో తీసి పెట్టెలో వేశారు.

అందుకే ముసలివాళ్లను అడిగేటప్పుడు "ఆయన నిజాం మిలట్రీలో చేసిండు గదా" అని మొదలుపెట్టొద్దు, నోరు కట్టేస్తారు. సముద్రం దాటిపోయిన సంగతి అడగండి. ఓడ ఎక్కడెక్కారు, ఇంటికి ఉత్తరాలొచ్చేవా, మనియార్డర్ ఎవరి పేర వచ్చేది, ఎప్పుడు తిరిగొచ్చాడు, వచ్చినప్పుడు ఎట్లున్నాడు. మాట సాగాక పోలీస్ యాక్షన్ (ఆ 1948 సెప్టెంబర్ సైనిక చర్య) నాటికి ఆయన ఎక్కడున్నాడని అడగండి. కోట బారులో నిలబడ్డ మనిషి తర్వాత మన ఊళ్లమీదికి పంపిన దళంలో ఉన్నాడో, సికింద్రాబాద్‌లో దఫ్తరు పనిలో ఉన్నాడో, అప్పటికే నౌకరీ వదిలేశాడో తెలియాలి. జవాబు మనకు నచ్చకపోయినా అడగాలి. నచ్చిన సగమే రాసుకుంటే అది సర్వీసు రికార్డు కాదు.

చివరికి అన్నీ ఒక తెల్ల కాగితం మీద తేదీల వరుసలో రాయండి. ప్రతి వరుసకు ఎదురుగా అది ఏ కాగితంలోదో, ఏ ఆఫీసులో ఏ ఫైలు నంబరో, ఎవరు చెప్పిన మాటో రాసి పెట్టండి. నోటిమాటకు, కాగితానికి రెండు రంగుల సిరా వాడండి. ఫసలీ తేదీని మార్చి రాసినప్పుడు అసలు తేదీ కూడా పక్కన ఉంచండి, రేపు ఇంకొకరు సరిచూసుకోవడానికి వీలుంటుంది. 1948 దగ్గర ఏమీ దొరక్కపోతే ఆ గడి ఖాళీగా వదిలి, ఎవరెవరిని అడిగారో వాళ్ల పేర్లు మాత్రం కింద రాయండి.